చార్మినార్ నుంచి ఖుర్తుబాకు

చార్మినార్ పక్క గల్లీలో స్థిరంగా కాపురం చేసిన మాకు చక్రాల మీది కాపురం కొత్త. పిల్లల పెళ్లిళ్లయ్యాక జర్మనీలో ఒక మోటార్ హోమ్ అద్దెకు తీసుకుని, ఫ్రాన్స్ మీదుగా స్పెయిన్ చేరుకున్నాము. పొయ్యి, పడక, నీళ్ల తొట్టి అన్నీ అందులోనే. వాడిన నీటిని నిర్ణీత స్థలంలోనే వదలాలి; ఆ పని ఎవరిదన్న తగవు వారం రోజులు నడిచింది. జూన్ మాసం కావడంతో జర్మనీలో ఇషా అర్ధరాత్రి ప్రాంతానికి వచ్చేది. నాలుగు రకాతుల నమాజును రెండుగా చేసుకొమ్మన్న ప్రయాణపు వెసులుబాటు విలువ అప్పుడు తెలిసింది.

ఖుర్తుబా మస్జిదు నిర్మాణం 8వ శతాబ్దంలో మొదలైంది. 1236 నుంచి అది చర్చి. ఎరుపు తెలుపు కమానుల కింద, వనంలా నిలిచిన స్తంభాల నడుమ నడిచి మిహ్రాబు ముందు ఆగాము. అక్కడ ముస్లిముల నమాజుకు అనుమతి లేదు. మక్కా మస్జిదు నీడలో పెరిగిన మేము ఒక మిహ్రాబు ముందు నిలిచి నమాజు చేయకుండా వెనుదిరగడం అదే మొదటిసారి. బండిలోకి వచ్చి జానమాజు పరిచాము, అలవాటుగా పడమటికే! హైదరాబాదుకు ఖిబ్లా పడమర, అక్కడ తూర్పు. నవ్వుకుంటూ తిప్పి వేసుకున్నాము. సజ్దాలో మాత్రం కన్నీరు ఆగలేదు.

గ్రనాడాలో ముస్లిం పాలన 1492లో ముగిసింది. అల్ హంరా ఎదుటి గుట్టపై 2003లో మళ్లీ ఒక మస్జిదు వెలిసింది. జుమా నమాజు తరువాత ఒక వృద్ధుడు మా ఊరడిగాడు. ఫోనులో చార్మినార్ చూపి, 1591 నాటిదన్నాము. ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "గ్రనాడా పోయిన 99 ఏళ్లకు" అన్నాడు.