వూడుపుల పాట

మధ్య ఆఫ్రికా అడవుల్లో నివసించే ఆకా జాతి సామూహిక గానాన్ని 2003లో యునెస్కో మానవాళి వారసత్వ సంపదగా ప్రకటించింది. ఆ పాటల రికార్డు తెనాలిలో వొక మిత్రుని యింట విన్నాను. ఎవరి వరుస వారిదే. వొకరి గొంతులోకి మరొకరు దూరి, విడిపోయి, అంతా కలిసి వొక అల్లికవుతుంది. వేటకు పాట, తేనెకు పాట, చావుకూ పాటే. కూర్చుని వినే సభ్యులు వేరే లేరు. ఆ ప్రాంతపు బాకా స్త్రీలైతే యేట్లో దిగి నీటినే అరచేతులతో మద్దెలలా వాయిస్తారు.

నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. అమ్మ బాపట్ల, రేపల్లెల మధ్య చేలల్లో వూడుపుల కూలి. వొకామె పాట యెత్తేది, మిగతావాళ్లు అందుకునేవారు, పల్లవి తిరిగేసరికి వొక అడుగు వెనక్కి. సీతమ్మ కష్టాలు కొన్ని, అత్త ఆరళ్లు కొన్ని, గట్టు మీది ఆసామిపై వేళాకోళం కొంత. ఈ చివరిది గట్టుకు వినపడనిచ్చేవారు కాదు.

మన సంఘం ప్రథమ మహాసభ 1943లో జరిగింది తెనాలిలోనే. ప్రజల బాణీలో ప్రజల గోడు చెప్పాలన్నది ఆ తరం పట్టుదల. పొన్నెకల్లు నాజర్ బుర్రకథ అందుకు సాక్ష్యం. కాలేజీ రోజుల్లో నేనూ అమ్మ వరుసకు విప్లవం మాటలు కట్టి వినిపించాను. విని, "బాగానే వుందిరా అబ్బాయ్, దీనికి చెయ్యి ఆడదు" అన్నది. నాకు కోపం వచ్చింది. అమ్మ చెప్పింది ఛందస్సు సంగతి అని తెలియడానికి చాలా యేళ్లు పట్టింది.

శ్రమ సౌందర్యమని మనం తేలిగ్గా రాసేస్తాము. పాడే ముఠా అంటే ఆసామికి యెందుకిష్టం? పొద్దుగూకేసరికి యెక్కువ చేను పడుతుంది. వొక యేడు కూలి దగ్గర పేచీ వచ్చింది. ఆ రోజు నాట్లు వేశారుగాని నోరు విప్పలేదు. ఆసామి గట్టు మీద అటూ యిటూ తిరిగి, "ఏమే, గొంతులు పోయినయ్యా?" అన్నాడు. వొక్కరూ తల యెత్తలేదు. సాయంత్రం పావలా పెరిగింది. మర్నాడు పాట.

అడవిలో గట్టూ ఆసామీ వుండరని మొదట అసూయపడ్డాను. తరువాత చదివితే, వారిలోనూ చాలామంది పొరుగు రైతుల చేలల్లో పనికి పోతారనీ, కలప కంపెనీలు వారి అడవిలో దిగాయనీ తెలిసింది.

రైసుమిల్లు వచ్చి దంపుళ్ల పాటను తీసుకుపోతే మా అమ్మమ్మ ఏడవలేదు. ఆమె భుజాలు సుఖపడ్డాయి. ఇప్పుడు కాలువ నీరు ఆలస్యమై డెల్టాలో వెదసాగు పెరిగింది, వూడుపులు తగ్గుతున్నాయి. పాట పోతోందని వగచే నేను జీతం రాళ్లు తింటూ వగుస్తున్నాను. నడుము నాది కాదు.

అమ్మ పోవడానికి ముందు యేడు ఆమె పాట రికార్డు చేద్దామని కూర్చున్నాను. మంచం మీద కూర్చుంటే వొక్క మాటా రాలేదు. దిగి, గోంగూర కట్ట చేతికి తీసుకుని, కొంచెం వంగింది. రెండు చరణాలు వరసగా వచ్చాయి. మూడోది ఆసామి మీదిది. వీధి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది.