నల్లబల్ల మీద గీయని దారులు

పదవ తరగతి పిల్లలను నిలబెట్టి "నువ్వేమవుతావు?" అని అడగటం మా ఉపాధ్యాయులకు వొక వేడుక. నేనూ యేళ్ళ తరబడి అడిగాను. వొకడు డాక్టరనేవాడు, వొకతె కలెక్టరనేది. నేను తృప్తి పడేవాణ్ణి. ఆ ప్రశ్న యెంత అరకొరదో నాకు తెలియజెప్పింది కల్వకుర్తి దగ్గర పల్లెలోని వొక తల్లి.

అప్పుడు నేను అక్కడి ప్రభుత్వ వున్నత పాఠశాలలో లెక్కలు చెప్పేవాణ్ణి. పాలమూరు కూలీల సంగతి పాఠకులకు కొత్త కాదు. నాగార్జునసాగర్ మొదలు యెన్నో ఆనకట్టలకు మన్ను మోసినవారు వాళ్ళు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని పోతారు. సొమ్ము తీరకపోతే మళ్ళీ పోతారు.

ఆ తల్లి కొడుకు లెక్కల్లో చురుకైనవాడు. తలిదండ్రుల సమావేశంలో నేను నల్లబల్ల మీద బాణాలు గీసి, పిల్లవాణ్ణి హైదరాబాదులో ప్రైవేటు కాలేజీలో యం.పి.సి. చదివించి ఇంజనీరును చెయ్యమన్నాను. ఆమె అంతా విని వొకటే అడిగింది: "సదివినన్ని దినాలు పోరడు యాడ తింటడు సారూ?"

"అన్నీ అవే సర్దుకుంటాయమ్మా" అన్నాను.

సర్దుకోలేదు. తండ్రి ఫీజు కోసం మేస్త్రీ దగ్గర మరో అడ్వాన్సు తీసుకున్నాడు. రెండవ యేడు ఫీజు కట్టలేక పిల్లవాడు చదువు మాని, ఆ అప్పు తీర్చటానికి తండ్రి వెంట పనికి పోయాడు. తెలివి లేక కాదు. నా సలహా విని.

కల్వకుర్తిలోనే ప్రభుత్వ జూనియర్ కళాశాల వుంది. పాలిటెక్నిక్ మూడేళ్ళు చదివి, ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో చేరవచ్చు. ఐ.టి.ఐ. చదివినవాడికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద పని నేర్చుకుంటూనే స్టయిఫండు దొరుకుతుంది. హాస్టళ్ళు, వుపకార వేతనాలు వున్నాయి. ఇవన్నీ నాకు తెలుసు. అయినా నా నల్లబల్ల మీద వాటికి చోటు లేదు. చేతిపని చదువు మార్కులు రానివాళ్ళకని నమ్మే మధ్యతరగతి బుద్ధి నాది.

"అయితే దొర బిడ్డకు ఇంజనీరింగు, కూలివాడి బిడ్డకు పానా పట్టటమా?" అని మిత్రులు నిలదీస్తారు. కాదు. యెంపిక పిల్లవాడిదే. కాని దారి ఖర్చు దాచిపెట్టి దారి చూపటం మోసం. ఖర్చు చెప్పాలి; ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలని పోరాడాలి. 2009 విద్యాహక్కు చట్టం పధ్నాలుగేళ్ళతో ఆగిపోతుంది. పదవ తరగతి పిల్లవాడు నాలుగు దారుల కూడలిలో నిలబడే వేళకు చట్టం చెయ్యి వదిలేస్తున్నది.

పిల్లలకు వృత్తి మార్గదర్శనం కావాలని 1952లో నియమించిన ముదలియార్ కమిషన్ చెప్పింది. అది విద్యలో అంతర్భాగమని 1964-66 నాటి కొఠారీ కమిషనూ చెప్పింది. మా బడిలో మాత్రం అది పరీక్షల ముందు మిగిలిన వొక పీరియడు.

ఇప్పుడు నేను ప్రతి దారి పక్కన నాలుగు గడులు గీస్తున్నాను: యెన్నేళ్ళు? యెంత ఖర్చు? తిండీ, పడకా యెక్కడ? మధ్యలో ఆగితే చేతికేం మిగులుతుంది? తలిదండ్రులే వాటిని నింపిస్తారు. జవాబు లేక ఖాళీగా మిగిలిన గడే మన సంఘాలు యెత్తుకోవలసిన కోరిక.

ఆ పిల్లవాడికి మాత్రం నేనింకా బాకీ వున్నాను.