ముందు ఆ పాట ఆపండి

కారులో ఏదో చప్పుడు వస్తోందని అని చూడండి. పక్కన కూర్చున్నవాళ్ళు వెంటనే చెయ్యి చాపి పాట పెద్దది చేస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఘంటసాల పాటంటే నాకూ ప్రాణమే. కానీ అది పాట వినే వేళ కాదు. బండి ఏదో చెబుతోంది. అదేమిటో పూర్తిగా విన్నాకే మిగతావన్నీ.

పోయిన కార్తీకంలో శ్రీశైలం ప్రయాణం పెట్టుకున్నాం. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ మీదుగా దోర్నాల చేరేదాకా ఫర్వాలేదు, దారి పొడుగునా ఊళ్ళున్నాయి, షెడ్లున్నాయి. దోర్నాల దాటితే సుమారు 50 కిలోమీటర్లు నల్లమల. పులులు తిరిగే అడవి కాబట్టి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు మూసేస్తారు. మధ్యలో బండి మొరాయిస్తే మెకానిక్కు మాట దేవుడెరుగు, చాలాచోట్ల ఫోనుకు సిగ్నలు కూడా అందదు. పైగా ఎక్కుడూ దిగుడూ, మలుపు మీద మలుపు. అలాంటి దారికి సామాను సర్దుకుంటున్న రోజుల్లో మా కారు వెనకవైపు నుంచి ఓ రొద మొదలైంది. స్పీడు 50 దాటగానే గుయ్‌మని సన్నగా మొదలై, 70కి వచ్చేసరికి సీటు కింద వణుకు తెలిసేంతగా పెరిగేది.

మా తోడల్లుడు మంచి డ్రైవరు, నాకంటే ఎక్కువ రోడ్లు చూసినవాడు. “ఏం కాదన్నయ్యా, వెళ్ళొచ్చాక చూపిద్దాంలే” అన్నాడు. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేను మాత్రం వద్దన్నాను. నా అనుమానం చక్రం బేరింగు మీద. గుయ్‌మన్న బేరింగు ఆ రోజే విరిగిపోదు, నిజమే. ఊళ్ళో ఆఫీసుకీ బజారుకీ తిరిగే బండైతే వారాలు కూడా గడిచిపోవచ్చు. కానీ అరుగుతున్న కొద్దీ చక్రంలో ఆట పెరుగుతుంది, ఆట పెరిగితే వేడి పెరుగుతుంది, మరీ ముదిరితే చక్రం బిగుసుకుపోవచ్చు, ఊడిపోవచ్చు కూడా. నిండా మనుషుల్ని ఎక్కించుకుని ఘాట్ దిగుతున్నప్పుడు ఆ “కూడా” దాకా వెళ్ళనివ్వాలా? చప్పుడు ఒకటే అయినా, దాంతో ఏ దారిన వెళ్తున్నామో, ఎవరిని ఎక్కించుకున్నామో చూసుకుని తేల్చుకోవాలి. ఈ సంగతి ఎవరూ ఆలోచించరు. “వెళ్తుందా, వెళ్ళదా” అని బండి గురించే అడుగుతారు.

ముందుగా సర్వీసు సెంటరుకే తీసుకెళ్ళాను. పేరెందుకు గానీ, అద్దాల గోడలూ సోఫాలూ ఉన్న చోటు. అక్కడి కుర్రాడు స్టీరింగు కింద తీగ తగిలించి, తెర మీద చూసి, “ఎర్రర్ ఏమీ లేదు సార్” అన్నాడు. ఒక్కసారి నాతో వచ్చి కూర్చోవయ్యా, బైపాస్ దాకా వెళ్ళొద్దాం అంటే టైము లేదన్నాడు. ఆ యంత్రం సెన్సర్లు చెప్పింది చూపిస్తుంది. బేరింగు అరుగుతోందని మొదట్లోనే చెప్పే సెన్సరు మామూలు కార్లలో ఉండదు. పట్టుకోవాల్సింది మనిషి చెవే. సాయంత్రానికి బండి తళతళలాడేలా కడిగి, బిల్లు చేతిలో పెట్టారు. రొద రొదలాగే ఉంది. బండి బాగుచేసే చోట బండి ఎక్కి వినడానికి పది నిమిషాలు లేకపోవడమేమిటి? ఈ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు.

మా పాత మెకానిక్కు అలా కాదు. ఏం చప్పుడని అడగనైనా అడగడు, “పదండి, విందాం” అంటాడు. అద్దాలు ఎత్తించాడు, ఏసీ ఆపించాడు, తను వెనక సీట్లో కూర్చున్నాడు. ఖాళీ రోడ్డు మీద 70కి తెచ్చి, న్యూట్రల్ చేసి వదిలెయ్యమన్నాడు. ఇంజను నెమ్మదించింది, రొద తగ్గలేదు. అంటే ఇంజనుది కాదు, చక్రాలది. తర్వాత కొంచెం కుడికి తిప్పమన్నాడు. రొద హెచ్చింది. ఎడమకి తిప్పితే తగ్గింది. బండి కుడికి తిరిగినప్పుడు బరువంతా ఎడమ చక్రాల మీద పడుతుంది కాబట్టి తప్పు ఎడమ పక్కన. అయినా తొందరపడలేదు. టైరు ఎగుడుదిగుడుగా అరిగినా అచ్చం ఇలాగే మోగుతుందట. అందుకని చక్రాన్ని జాకీ మీద లేపి, ఒక చేత్తో తిప్పుతూ రెండో చెయ్యి స్ప్రింగు మీద ఆనించాడు. నన్నూ ఆనించమన్నాడు. ఇసుక నలుగుతున్నట్టు గరగర వేళ్ళకి తెలిసింది. కుడి చక్రం దగ్గర అదేమీ లేదు. బేరింగు మార్చాకే శ్రీశైలం బయల్దేరాం.

కొన్ని చప్పుళ్ళకి ఈ విచారణ కూడా అక్కర్లేదు, అక్కడికక్కడే ఆగిపోవాలి. ఆయిల్ లైటు ఎర్రగా వెలిగి, ఇంజను అడుగు నుంచి టకటకా కొట్టుకుంటే ఇంటిదాకా పోనిద్దాం అనుకోకూడదు, పక్కకి తీసి ఆ నిమిషంలోనే ఇంజను ఆపెయ్యాలి. టైరు మార్పించుకున్న మర్నాడు చక్రం దగ్గర దబదబమంటే నట్లు వదులయ్యాయేమో దిగి చూడాలి. బ్రేకు నొక్కినప్పుడు కీచుమంటే ప్యాడ్లు అయిపోవచ్చాయని అర్థం, చాలా ప్యాడ్లకి అలా కూయడానికే చిన్న రేకు పెడతారు. కీచు పోయి ఇనుము ఇనుముని గీరుతున్న చప్పుడు వచ్చిందంటే ఇక బండి కదపొద్దు. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టక్ టక్‌మంటే యాక్సిల్ జాయింటు. అది కొంత వ్యవధి ఇస్తుంది గానీ రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు బయటికి చిమ్మి ఉంటే ఆ వ్యవధి పెద్దగా ఉండదు. సైలెన్సరు పైరేకు గలగలా, డిక్కీలో జాకీ లొటలొటా మాత్రం ఎన్నాళ్ళైనా భరించొచ్చు. కంకర రోడ్డు దిగాక ఉన్నట్టుండి చెవులు చిల్లులు పడేలా గీరుతుంటే, డిస్కుకీ వెనకరేకుకీ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఉంటుంది ఒక్కోసారి. కాసేపు ముందుకీ వెనక్కీ నడిపితే అదే రాలిపోతుంది.

ఇదంతా పెద్ద విద్యేం కాదు. సంతలో కుండని వేలితో కొట్టి చూడకుండా కొనేవాళ్ళం కాదు కదా. మా పెద్దమామయ్య లారీ నడిపేవాడు. టీకి ఎక్కడ ఆపినా గ్లాసు ముట్టుకునే ముందు ఇనప రాడ్డు తీసుకుని లారీ చుట్టూ తిరిగొచ్చేవాడు. వెనక జంట టైర్లలో లోపలిదానికి గాలి పోతే కంటికి కనపడదు, బయటి టైరు దాన్ని నిలబెట్టేస్తుంది. కానీ అలాగే నడిపితే అది వేడెక్కి పేలుతుంది, నిప్పంటుకున్నా అంటుకుంటుంది. అందుకని ఒక్కో టైరునీ కొట్టి చూసేవాడు. గాలి నిండుగా ఉంటే రాడ్డు ఠంగున ఎగిరొచ్చేది. లేకపోతే దబ్బున చచ్చుగా పడేది. సెలవులకి వెళ్ళినప్పుడు ఆ రాడ్డు నా చేతికిచ్చి, తను అటు తిరిగి నిలబడి, నేను కొడుతుంటే ఏ టైరు దగ్గర ఆపాలో చెప్పేవాడు. రాత్రిపూట, హైవే రొదలో, అటు తిరిగి! నేను చూసిన సంగీత విద్వాంసుల్లో ఆయన్నీ లెక్కేస్తాను.

అలాంటి చెవులు మన షెడ్లలోనే పాడైపోతున్నాయి. నేను చెప్పిన మెకానిక్కు షెడ్డు పక్కనే డెంటింగ్ షెడ్డు. పొద్దుణ్ణుంచి చీకటి పడేదాకా రేకు మీద సుత్తి. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకి 8 గంటల చొప్పున ఏళ్ళ తరబడి ఉంటే వినికిడి దెబ్బతింటుంది. రేకు మీద సుత్తి దెబ్బ 100 దాటిపోతుంది. ముందు పోయేవి సన్నని, పై స్థాయి శబ్దాలు. ఈ మధ్య ఆయనకి బేరింగు గుయ్‌మనేది తెలుస్తోంది గానీ బెల్టు కీచుమనేది వినపడ్డం లేదు. దాని కోసం దగ్గరున్న పిల్లాణ్ణి పిలిచి “ఏంరా, కూస్తోందా?” అని అడుగుతున్నాడు. ఆ పిల్లాడు కూడా ఆ సుత్తి పక్కనే పెరుగుతున్నాడు. డెంటింగ్ షెడ్డు యజమానిని చెవులకి పెట్టుకునేవి కొనివ్వమని అడిగాను. స్పాంజివి అయితే టీ ఖర్చంత కూడా కావు. “పెట్టుకుంటే ఫోన్లు వినపడవండీ” అన్నాడు. ఫోను తను పట్టుకుంటాడు, సుత్తి పట్టుకునేది వేరేవాళ్ళు. ఆ మాటే అన్నాను. ఆయనకి నచ్చలేదు. ఈసారి వెళ్ళేటప్పుడు ఆ పిల్లాడికి ఓ జత నేనే కొనుక్కెళ్తున్నాను. పెట్టుకోనివ్వకపోతే మళ్ళీ అడుగుతాను.