మేదోజీరకం, క్లోమం, చిన్నాన్న

మేము బడిలో చదివింది కన్నడంలో. కాబట్టి ఈ అంగం మాకు మొదట 'మేదోజీరక గ్రంథి'. తెలుగులో దాన్ని క్లోమం అంటారని చిన్నాన్నకు జబ్బు వచ్చినాకే తెలిసింది. తాత హిందూపురం విడిచి చిక్కపేటకు వచ్చి డెబ్బై ఏళ్ళు దాటింది. ఇంట్లో మాట తెలుగే, ఒంటి లోపలి పేర్లు మాత్రం కన్నడంలోనే నేర్చుకున్నాం.

గడ్డ పెద్ద రక్తనాళాన్ని చుట్టుకొని ఉంది, కోసి తీయడం కుదరదన్నారు డాక్టర్లు. అప్పుడొక బంధువు ఫోన్ చేసి, "నానోనైఫ్ అని ఉందంట, వేడి లేకుండా కరెంటుతోనే గడ్డను చంపుతుందంట" అన్నాడు. అందరూ మా వైపు చూసినారు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం కదా, ఇందులోనూ పట్టమని.

రాత్రుళ్ళు కూర్చొని చదివినాం. గడ్డ చుట్టూ సూదులు గుచ్చి, వాటి మధ్య 3,000 వోల్టుల దాకా కరెంటు పంపుతారు. ఒక్కో దెబ్బ సెకనులో పదివేలో వంతుకు మించదు. కణం పైపొరకు మళ్ళీ మూసుకోని రంధ్రాలు పడి అది చచ్చిపోతుంది, రక్తనాళం గోడ కట్టు మాత్రం చాలావరకు నిలుస్తుంది. క్లోమం దగ్గర ధమనులు, పిత్తనాళం, చిన్నపేగు అన్నీ ఇరుక్కొని ఉంటాయి, అందుకే ఈ ఆశ. బోరిస్ రుబిన్‌స్కీ, రఫాయెల్ డవలోస్ వాళ్ళు 2005లో దీని మీద పేపర్ రాసినారు. తర్వాత పందుల క్లోమం మీద పరీక్షించినారు. గుండె లయ తప్పకుండా ప్రతి దెబ్బనూ గుండె కొట్టుకునే వేళకు సరిపెడతారు, కండరాలు ఎగరకుండా పూర్తి మత్తు ఇస్తారు.

మా అనుమానం 'వేడి లేకుండా' అన్న మాట దగ్గరే. మా పనిలో "ఇది ఎప్పుడూ జరగదు" అని రాసి ఉంటే మొదట తట్టేది ఆ తలుపే. చూస్తే సూదుల మొనల దగ్గర వేడి పుడుతుంది, పక్కన లోహం ఉంటే ఇంకా చిక్కు. చిన్నాన్నకు కామెర్లు వచ్చినప్పుడు పిత్తనాళంలో లోహపు స్టెంట్ వేసినారు. నానోనైఫ్ మాటెత్తిన వాళ్ళెవరూ ఆ సంగతి అడగలేదు! కాగితం మీద మొదటి వరుసలోనే రాసుకొని డాక్టరు దగ్గరికి పోయినాం. ఆయన స్కాన్ చాలాసేపు చూసి, ముందు దాన్ని తీయాల్సి వస్తుందన్నారు.

లెక్కలూ చూసినాం. అమెరికాలో లూయీవిల్ వాళ్ళు 2015లో 200 మంది వివరాలు ప్రకటించినారు. నూటికి 37 మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, బతికిన కాలం సగటున రెండేళ్ళు. బాగుందే అనుకున్నాం గానీ, పోల్చడానికి పక్కన ఇంకో గుంపు లేదు. నెదర్లాండ్స్‌లో 68 మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి ఇది, ఒకరికి గురిపెట్టిన రేడియేషన్ ఇచ్చినారు. 2024లో ఫలితం వచ్చింది: రేడియేషన్ వాళ్ళకు 16.1 నెలలు, దీనికి 12.5. ఇది మేలని తేలే ఆశ లేదని పరీక్షను మధ్యలోనే ఆపేసినారు.

చిన్నాన్న అంతా విన్నాడు.

"ఆ పందులు బతికినాయేమప్పా?"

"లోపల ఎట్లుందో చూడాలని తర్వాత కోసినారు చిన్నాన్నా."

గట్టిగా నవ్వి, "అయితే రేడియేషన్‌కే పోదాం" అన్నాడు.

సోమవారం ఆస్పత్రి ఫారంలో జబ్బు పేరు మేము కన్నడంలో నింపినాం. కింద సంతకం ఆయన తెలుగులో పెట్టినాడు.