నాన్న చెవులు, నా లాప్‌టాప్ మైకు

2010 నాటి సంగతి. అప్పుడు నేను ఆన్‌సైట్‌లో ఉన్నా. అమ్మా నాన్నా గుంటూరులో. ప్రతి ఆదివారం లాప్‌టాప్ ముందు కూర్చుని వాళ్ళతో మాట్లాడటం అలవాటు. లాప్‌టాప్‌లో లినక్సే. "నీకీ తిప్పలెందుకు, అందరూ వాడేదే వాడొచ్చుగా" అని ఆఫీసులో ఎవరన్నా అంటే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద గంటసేపు క్లాసు పీకే రోజులవి :-)

కొత్త లాప్‌టాప్ కొన్నాక మొదటి ఆదివారం నాన్న "ఏరా, సరిగా వినపడట్లా, కాస్త గట్టిగా మాట్లాడు" అన్నారు. అరిచా. రెండోవారం కూడా అంతే. మూడోవారం ఆయనేమీ అనలేదు. అన్నిటికీ "ఊఁ, ఊఁ" అంటూ తలూపారు. హమ్మయ్య అనుకున్నా. ఇంతలో నేను "రెండ్రోజులు జ్వరమొచ్చింది నాన్నా" అంటే "మంచిది, మంచిది" అన్నారు. అప్పుడర్థమైంది, ఒక్క ముక్కా వినపడట్లేదని. నేను బాధపడతానని వినపడుతున్నట్టు నటిస్తున్నారు. అమ్మేమో ఎప్పట్లాగే వంటింట్లోంచి వచ్చి నా మొహం చూసి, చెయ్యూపి వెళ్ళిపోయేది.

మైకు చెడిందేమోనని నా గొంతు రికార్డు చేసి హెడ్‌ఫోన్స్‌లో విన్నా. గంట కొట్టినట్టుంది. ఇంకేం, తప్పు నాది కాదని తేలిపోయింది. "నాన్నా, ఒకసారి చెవులు చూపించుకోండి" అని మెయిలు పెట్టా. పాపం ఆయన ఎండలో ఆటో ఎక్కి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకెళ్ళి పరీక్ష చేయించుకున్నారు. "చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయట్రా" అని ఫోన్లో చెప్పారు. ఆ ఫోన్లో నేనన్న ప్రతి మాటా ఆయనకి చక్కగా వినపడింది కూడా!

ఇక సిగ్గుపడి, అదే రికార్డింగుని ఆడాసిటీలో తెరిచి బాగా పెద్దది చేసి చూశా. పైన ఎడమ చానెల్, కింద కుడి చానెల్. పైన అల లేచిన ప్రతిచోటా కింద అల దిగుతోంది. అద్దంలో బొమ్మలా. ఆ లాప్‌టాప్ మైకు ఒకే గొంతుని రెండు చానెళ్ళలో ఒకదానికొకటి తలకిందులుగా ఇస్తోందన్నమాట. హెడ్‌ఫోన్స్‌లో ఏ చెవిది ఆ చెవికి వెళ్తుంది కాబట్టి తేడా తెలీదు. కాల్‌లో మాత్రం సాఫ్ట్‌వేర్ రెండిటినీ కలిపి మోనో చేసి పంపిస్తుంది. ప్లస్ ఒకటీ మైనస్ ఒకటీ కలిపితే సున్నా. నేనెంత గట్టిగా అరిస్తే అంత గట్టిగా నన్ను నేనే కొట్టేసుకుంటున్నా!

మందు మాత్రం అర నిమిషం పని. పావుకంట్రోల్‌లో ఇన్‌పుట్ డివైసెస్‌కి వెళ్ళి, రెండు చానెళ్ళనీ కలిపి ఉంచే తాళం బొమ్మ మీద నొక్కి, కుడి చానెల్‌ని సున్నాకి దించేశా. అంతే. కొన్నేళ్ళకి ఇలాంటి కొన్ని మోడళ్ళకి కెర్నల్‌లోనే సర్దుబాటు చేశారు.

పల్స్ఆడియో ఉండే చోట ఇప్పుడు పైప్‌వైర్ ఉంటోంది. ఫెడోరాలో 2021 నుంచి, ఉబుంటులో 2022లో వచ్చిన 22.10 నుంచి అదే డిఫాల్ట్. పావుకంట్రోల్ దాంతోనూ పనిచేస్తుంది. ఇప్పటికీ ఎవరన్నా "లినక్సులో మైకు రావట్లేదు" అంటే నేను కింద నుంచి పైకి వెళ్తా.

ముందు, కార్డు కనపడుతోందా? ఏ-రికార్డ్ కమాండ్‌కి హైఫన్, చిన్న ఎల్ తగిలిస్తే చెబుతుంది. ఈమధ్య వచ్చిన ఇంటెల్ లాప్‌టాప్‌లలో లోపలి మైకు అసలే కనపడకపోతే చాలాసార్లు సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ లేకపోవడమే కారణం. తర్వాత ఆల్సామిక్సర్‌లో ఎఫ్4 నొక్కి క్యాప్చర్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. ఆ తర్వాత, కాల్ నడుస్తుండగానే పావుకంట్రోల్‌లో రికార్డింగ్ ట్యాబ్ తెరిస్తే ఏ మైకు నుంచి తీసుకుంటోందో తెలుస్తుంది. బ్లూటూత్ అయితే పాటలు వినే ఏ2డీపీ ప్రొఫైల్‌లో మామూలుగా మైకు రాదు, హెడ్‌సెట్ ప్రొఫైల్‌కి మార్చాలి. అప్పుడు వినపడే నాణ్యత తగ్గుతుంది, అది చెడిపోవడం కాదు. చివరగా బ్రౌజర్‌లో మైకు పర్మిషన్.

ఇవన్నీ చేశాక కూడా మన చెవితో మనం విని సరిపెట్టుకోకూడదు. "నా మెషీన్‌లో పనిచేస్తోందే" అని టెస్టర్లతో వాదిస్తాం చూడండీ, నేను కన్నతండ్రితో చేసిందీ అదే. కాకపోతే టెస్టరు బగ్గు రాస్తాడు. నాన్న ఆటో ఎక్కారు. అందుకే ఇప్పుడు కాల్‌లో "వినపడుతోందా?" అని అడగటం మానేశా. మనల్ని ప్రేమించేవాళ్ళు దానికెప్పుడూ అవుననే అంటారు. "ఇప్పుడు నేనేం చెప్పానో చెప్పండి" అని అడుగుతా.

అన్నట్టు, మైకు బాగుచేసిన ఆదివారం నేను అలవాటు కొద్దీ గొంతు చించుకుని మొదలుపెట్టా. నాన్న ఉలిక్కిపడి "ఏంట్రా ఆ అరుపులు, నాకేమన్నా చెవుడా?" అన్నారు.