ధార సన్నబడినప్పుడు

ఆర్వో మిషన్‌లో ధార సన్నబడగానే మెంబ్రేన్ పోయిందని తేల్చేస్తారు. ఆ తొందర నాకు నచ్చదు. ముందు విప్పి చూడాల్సింది బయట తగిలించిన ఫిల్టర్‌ని. బోరు నీళ్ల ఇళ్లలో అది కొన్నాళ్లకే ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది, వేలితో రాస్తే జిగటగా తగులుతుంది. చాలాసార్లు అదొక్కటి మారిస్తే చాలు.

కార్బన్ ఫిల్టర్ సంగతి వేరు. దాని సత్తువ అయిపోయినా ధార తగ్గకపోవచ్చు, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ కుళాయి నీళ్లలోని క్లోరిన్‌ని ఆపేది అదే. అది ఆపకపోతే క్లోరిన్ మెంబ్రేన్ పొరను తినేస్తుంది. వందల్లో అయ్యే ఖర్చు వేలకు పోతుంది.

పైపు కారుతుంటే కోసిన అంచు చూడండి. ఏటవాలుగా ఉంటే ఎంత నొక్కినా కారుతుంది. బ్లేడుతో తిన్నగా కోసి, లోపల అడ్డం తగిలేదాకా తోయాలి. ఊడదీసేటప్పుడు కనెక్టర్ అంచునున్న రింగు నొక్కిపట్టి లాగాలి.

ట్యాంకు కూడా కడగాలి. క్లోరిన్ పోయిన నీళ్లు నిలవుండేది అందులోనే.

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుండే నల్లగొండ లాంటి చోట్ల ఇదంతా ఆరోగ్యం సంగతి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అది రుచికీ రంగుకూ తెలియదు. మెకానిక్ వచ్చినప్పుడల్లా లోపలికెళ్లే నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల మోతాదు), బయటికొచ్చే నీళ్ల టీడీఎస్ రెండూ కొలిపించి క్యాలెండర్ మీద రాసుకోండి. ఆ రెంటికీ మధ్య తేడా తగ్గుతూ వస్తుంటే, అప్పుడు మార్చండి మెంబ్రేన్. ఫ్లోరైడ్‌కి మాత్రం విడిగా పరీక్ష చేయించాల్సిందే.