నానమ్మ నడుము, మనవడి టీ

టీ తాగితే ఎముకలు గుల్లబారుతాయన్న మాట ఢిల్లీలోని జియా సరాయ్‌లో తరచు వినిపిస్తుంది. అన్నవారి చేతిలో అప్పుడు కూడ టీ గ్లాసే ఉంటుంది. ఐఐటీ చెంతనున్న ఈ ఇరుకు సందులలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు అన్నం కన్న టీ సులభంగా దొరుకుతుంది. అనువాదాలు చేసుకుంటూ ఇక్కడ కాలం గడుపుతున్న నాకు ఆ మాటలోని నిజమెంతో తేల్చుకోవలసిన అవసరం మా పై అంతస్తు విద్యార్థి వలన కలిగింది.

అతనిది నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు గ్రామం. పగలంతా టీ, రాత్రి మేలుకోవటానికి కోలా. ఒకనాడు మెట్ల మీద నన్ను ఆపి, “అక్కా, మా నానమ్మ నడుము వంగిపోయి లేవలేకుండ అయింది. నేను ఇన్ని టీలు తాగుతున్న. నాకు కూడ అట్లనే అయితదా?” అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు గాని, కళ్ళలో నవ్వు లేదు.

ఆ నానమ్మకు టీ అలవాటే లేదు. ఆమె జీవితమంతా తాగినది ఊరి బావినీరు. ఈ వ్యాధిని మన వైద్యులు తొలినాళ్ళలో గుర్తించినది తెలుగునాటనే. 1937లో షార్ట్, పండిత్, రాఘవాచారి అనే పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలలో దీనిని చూచి వివరంగా వ్రాశారు. రాతిపొరలనుంచి నీటిలో కరిగిన ఫ్లోరైడు ఏళ్ళ తరబడి ఎముకలలో పేరుకొని, కీళ్ళను పట్టి ఉంచే నరాలవంటి కట్లను సైతం గట్టిపరచి, వెన్నును కదలని కొయ్యగా మారుస్తుంది. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. కాచినంతమాత్రాన పోదు, నీరు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఇది వంశపారంపర్యం కాదని అతనికి చెప్పాను. ఆ వైపు గ్రామాలకు ఇప్పుడు గొట్టాలలో కృష్ణనీరు వస్తున్నది. ఆమె వెన్ను మాత్రం ఇక నిటారు కాదు.

ఇక టీ సంగతి. అందులోని కెఫీన్ వలన కొంత కాల్షియం మూత్రంలో పోయే మాట నిజమే. ఒక కప్పు వలన కలిగే ఆ నష్టాన్ని రెండు చెంచాల పాలు పూడ్చగలవు. తేయాకు కూడ నేలనుంచి ఫ్లోరైడును పీల్చుకుంటుంది. రోజుకు నూరుకు పైగా టీ సంచులను మరిగించి పదిహేడేళ్ళు తాగిన ఒక అమెరికా స్త్రీకి ఎముకలు చెడిన ఉదంతం 2013లో వెలువడింది. జియా సరాయ్ టీకొట్టు ఎంత ఉదారమైనదైనా అంతదూరం పోలేదు.

‘సాఫ్ట్ డ్రింక్’ను మృదుపానీయమని అనువదించేవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది, ఫాస్ఫారికామ్లం కలిసిన కోలాలో మృదుత్వమేమున్నది? 2006లో ప్రకటించిన అమెరికా ఫ్రామింగ్‌హామ్ పరిశీలనలో, కోలా నిత్యం తాగే స్త్రీల తుంటి ఎముకల సాంద్రత తక్కువగా కనిపించింది. తక్కిన గ్యాసు పానీయాలలో ఆ సంబంధం కనపడలేదు. కారణం ఆమ్లమా, పాలు మానుకోవటమా అన్నది ఇంకా తేలలేదు.

నాకు ఆ రెండవదే ఎక్కువ అనుమానం. పెద్దవారికి దినానికి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధనా మండలి 2020లో నిర్ణయించింది. నూరు మిల్లీలీటర్ల పాలలో ఉండేది సుమారు 120. టీలో కలిసే పాల చుక్కలతో ఆ లెక్క ఎప్పటికి తీరేను? మజ్జిగ, రాగి అంబలి తాగే ఇళ్ళలో పుట్టిన పిల్లలు అద్దె గదులకు వచ్చి ఆ రెంటినీ మరచిపోతున్నారు. కాల్షియం ఒంటికి పట్టాలంటే ‘డి’ విటమిను, దానికి ఎండ కావాలి. ఎండకు కరవు లేని ఢిల్లీలోనే, ఆరోగ్యవంతులలో సైతం ఆ విటమిను తక్కువని ఇక్కడి ఎయిమ్స్ వైద్యులు 2000లో చూపారు. మా వీధిలో ఎదురెదురు మేడల నడుమ ఆకాశం జానెడే కనిపిస్తుంది. ఎండ డాబా మీదనే ఉంటుంది. అక్కడికి బట్టలు ఆరవేసేవారు తప్ప ఎవరూ పోరు.